పాత గేమింగ్ పీసీలో ఏ పార్టు మార్చాలి? తీగ లాగితే కదిలే డొంక లెక్క

ఏడెనిమిదేళ్ల కిందట కొన్న గేమింగ్ పీసీ ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఆన్ చేస్తే ఆన్ అవుతుంది, పాత గేములు ఆడిస్తుంది. కానీ ఇలాంటి మెషీన్ల మీద ఈ మధ్య ఒకేసారి మూడు దెబ్బలు పడ్డాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది. జీటీఎక్స్ 900, జీటీఎక్స్ 10 సిరీస్ గ్రాఫిక్స్ కార్డులకు కొత్త గేముల కోసం డ్రైవర్లు (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) రాయడం ఎన్విడియా అదే ఏడాది చివరికి ఆపేసింది. 2028 అక్టోబర్ దాకా వాటికి వచ్చేవి భద్రతా అప్‌డేట్లే. సరే, మార్చేద్దాం అనుకునేలోగా ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. మెమరీ చిప్‌లు తయారుచేసే కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల వైపు మొగ్గడంతో మామూలు కొనుగోలుదారుకు మిగిలేది తగ్గింది. క్రూషియల్ పేరుతో దశాబ్దాలుగా ర్యామ్ అమ్మిన మైక్రాన్ ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది.

దీంతో ఇన్నాళ్లూ చెల్లిన సలహా ఒకటి ఖరీదైపోయింది. "పాతదాని మీద డబ్బు పోయొద్దు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ ఒకేసారి కొత్తవి వేసుకో" అనేవారు. ఆ మూడింటిలో చవగ్గా ఉండే ర్యామే ఇప్పుడు బడ్జెట్‌ను మింగేస్తోంది. కాబట్టి ఉన్న మెషీన్‌లో ఏది మారిస్తే ఎంత లాభం, ఏది మారిస్తే ఇంకేవి మార్చాల్సి వస్తుంది అన్న లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.

## ఒక్క ఫ్రేమ్ వెనక ఇద్దరి పని

తెర మీద గేము కదులుతున్నట్టు కనిపించేది వరసగా వచ్చే బొమ్మల వల్ల. ఒక్కో బొమ్మ ఒక ఫ్రేమ్. సెకనుకు ఎన్ని వస్తే అన్ని ఎఫ్‌పీఎస్. ఈ లెక్కను తిరగేసి చూస్తే విషయం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. 60 ఎఫ్‌పీఎస్ కావాలంటే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. 144 కావాలంటే 6.9 మిల్లీసెకన్లే గడువు.

ఆ గడువులో రెండు పనులు జరగాలి. శత్రువు ఎటు కదిలాడు, తూటా ఎక్కడ తగిలింది, ఏ వస్తువులు తెర మీదికి రావాలి అన్న లెక్కలన్నీ ప్రాసెసర్‌వి. అవి తేల్చి "ఇదిగో, ఇవి గియ్యి" అని ఆదేశాల జాబితా పంపుతుంది. దాన్ని పిక్సెళ్లుగా మార్చేది గ్రాఫిక్స్ కార్డు. కార్డు ఈ ఫ్రేమ్ గీస్తుండగానే ప్రాసెసర్ తరవాతి ఫ్రేమ్ పని మొదలుపెడుతుంది. అంటే రెండింటి సమయాలనూ కూడనక్కర్లేదు. ఏది ఎక్కువ సమయం తీసుకుంటే ఫ్రేమ్‌కు పట్టే సమయం దాదాపు అదే.

ఒక లెక్క వేద్దాం. ఒక గేములో ప్రాసెసర్‌కు 18, కార్డుకు 20 మిల్లీసెకన్లు పడుతున్నాయనుకుందాం. పెద్దది 20 కాబట్టి 50 ఎఫ్‌పీఎస్ వస్తుంది. ఇప్పుడు రెట్టింపు వేగమున్న కార్డు తెచ్చి పెట్టారు. కార్డు సమయం 10కి పడిపోయింది. కానీ ప్రాసెసర్ 18 దగ్గరే ఉంది. ఇక వచ్చేది 55 ఎఫ్‌పీఎస్. ఇంత డబ్బు పోస్తే ఐదు ఫ్రేములా అని ఎవరికైనా మండుతుంది. అదే మెషీన్‌లో, అదే కొత్త కార్డుతో మరో గేము ఆడితే, అందులో ప్రాసెసర్‌కు 9 మిల్లీసెకన్లే పడితే, 50 కాస్తా 100 అవుతుంది.

ఒకే కార్డు కొన్న ఇద్దరిలో ఒకరు "అద్భుతం" అని, ఇంకొకరు "దండగ" అని చెప్పడం మామూలే. ఇద్దరూ అబద్ధం ఆడట్లేదు, వాళ్లు ఆడే గేములు వేరు.

## మానిటర్ కూడా ఈ లెక్కలో భాగమే

1080పీ తెర మీద 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి. 1440పీలో 36.9 లక్షలు. 4కెలో 82.9 లక్షలు, అంటే 1080పీకి సరిగ్గా నాలుగింతలు. రెజల్యూషన్ (పిక్సెళ్ల సంఖ్య) పెరిగితే భారం పెరిగేది కార్డుకే. శత్రువు ఎటు పరిగెత్తాడో లెక్కగట్టడానికి ప్రాసెసర్‌కు తెర సైజుతో పెద్దగా పని లేదు.

అందుకే పాత ప్రాసెసర్‌తో 1440పీ మానిటర్ వాడేవారికి కొత్త కార్డు బాగా అక్కరకొస్తుంది, 1080పీలో పోటీ గేములు 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు మారే) తెర మీద ఆడేవారికి అదే కార్డు సగం బలం కూడా చూపించకపోవచ్చు. మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే 90 ఎఫ్‌పీఎస్ వచ్చినా కంటికి కనిపించేది 60 ఫ్రేములే. మౌస్ నొక్కినప్పటి స్పందన కాస్త చురుగ్గా ఉంటుంది, అంతే. ఇలాంటి మానిటర్ ముందు కూర్చుని ఎఫ్‌పీఎస్ కోసం ఖర్చు పెట్టేవాళ్లు తక్కువేమీ కాదు.

## అడ్డు ఎక్కడుందో కొలిచి చూడటం

రెండు పార్టుల పేర్లు ఇస్తే "మీకు 23 శాతం బాటిల్‌నెక్" అని చెప్పే కాలిక్యులేటర్లు ఇంటర్నెట్‌లో బోలెడు. పైన చూసిన లెక్కే వాటికి జవాబు. గేమును బట్టి, రెజల్యూషన్‌ను బట్టి అడ్డు మారిపోతుంటే అన్నిటికీ కలిపి ఒక్క శాతం ఎలా చెబుతారు? అది జాతకం చెప్పడమే.

నిజంగా కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. గేము నడుస్తుండగా కార్డు వాడకం 95 శాతం పైన నిలకడగా ఉంటే అడ్డు కార్డే. అది 60, 70 దగ్గర ఊగుతూ, ఎఫ్‌పీఎస్‌కు వేరే పరిమితేదీ పెట్టకపోయినా తక్కువగానే ఉంటే చూపు ప్రాసెసర్ మీదికి మళ్లాలి.

ఇక్కడ ఒక మాయ ఉంది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 40 శాతమే కనిపిస్తుంది, "ఇంకా సగం పైగా ఖాళీగా ఉందిగా" అనిపిస్తుంది. ఆ అంకె అన్ని థ్రెడ్ల (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పని వరసల) సగటు. 12 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒకే థ్రెడ్ పూర్తిగా నిండిపోతే సగటులో దాని వాటా 8.3 శాతమే. గేముల్లో ప్రధానమైన పని చాలావరకు ఒకటి రెండు థ్రెడ్ల మీదే పడుతుంది. అవి నిండితే మిగతా పది ఖాళీగా ఉన్నా ఫ్రేమ్ ముందుకు కదలదు. గ్రాఫు మీద కుడి క్లిక్ చేసి ఒక్కో థ్రెడ్‌ను విడివిడిగా చూపమంటే బండారం బయటపడుతుంది.

ఇంకా తేలికైన పరీక్ష రెజల్యూషన్ తగ్గించడం. 1080పీ నుంచి 720పీకి దించినా ఎఫ్‌పీఎస్ కదలకపోతే అడ్డు ప్రాసెసర్ వైపు ఉన్నట్టే. గబుక్కున పెరిగితే కార్డు వైపు.

సగటు ఎఫ్‌పీఎస్ ఒక్కదాన్నే చూస్తే మరో చిక్కు. ఒక సెకనులో 50 ఫ్రేములు 16 మిల్లీసెకన్ల చొప్పున సాఫీగా వచ్చి, ఒక్క ఫ్రేమ్ మాత్రం 200 మిల్లీసెకన్లు ఇరుక్కుందనుకోండి. మీటర్ 51 అని చూపిస్తుంది. ఆడేవాడికి మాత్రం గేము ఒక్క క్షణం బిగుసుకుపోయినట్టు తెలుస్తుంది. అందుకే సమీక్షల్లో సగటుతో పాటు "1% లో" అని ఇంకో అంకె ఇస్తారు. అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం అది. పాత మెషీన్ల బాధ చాలాసార్లు సగటులో కాదు, ఇక్కడే ఉంటుంది. నాలుగు థ్రెడ్ల ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్కు, ఈ మూడింటిలో ఏది ఉన్నా ఇలాంటి కుదుపులు తప్పవు.

## పైసా పెట్టకుండా తిరిగొచ్చే వేగం

డీడీఆర్4 తరం ర్యామ్ ప్యాకెట్ మీద 3200 అని ఉన్నా బోర్డులో పెట్టగానే అది 2133 దగ్గరో 2400 దగ్గరో నడవడం మొదలుపెడుతుంది. బయోస్‌లో (మెషీన్‌ను మొదట లేపే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఎక్స్ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే గానీ అసలు వేగం రాదు. దీని తోడుగా మరో సంగతి, ఒకే స్టిక్కా రెండా అన్నది. 3200 వేగంతో ఒక్కో ఛానల్ (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారి) సెకనుకు 25.6 జీబీ మోస్తుంది, రెండు ఛానళ్లయితే 51.2. ఒకే స్టిక్కు, అదీ 2133 దగ్గర నడిస్తే మోసేది 17 జీబీయే. ఒకే ర్యామ్ రకం, కానీ మూడో వంతు దారి. ప్రాసెసర్ అడ్డుగా ఉన్న గేముల్లో ఈ తేడా బాగానే తెలుస్తుంది. రెండు స్టిక్కులున్నా వాటిని పక్కపక్క స్లాట్లలో పెట్టి ఒకే ఛానల్ మీద నడిపిస్తున్న మెషీన్లూ ఉంటాయి. నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండోదీ నాలుగోదీ వాడాలి. ఇంటెల్ పాత బి, హెచ్ రకం బోర్డులకు మాత్రం ఈ వరం పూర్తిగా లేదు. ఆ తరం ప్రాసెసర్‌కు అధికారికంగా ఇచ్చిన వేగాన్ని అవి దాటనివ్వవు.

దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్టు సంగతి అందరికీ తెలిసిందే. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 144 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్‌లో 60 దగ్గరే వదిలేయడం, మానిటర్ కేబుల్‌ను కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు గుచ్చడం లాంటివి వినడానికి నవ్వొస్తాయి గానీ జరుగుతూనే ఉంటాయి.

## ప్రాసెసర్ మారిస్తే ఇంకేవి కదులుతాయి

తీగ లాగితే డొంకంతా కదులుతుందనే మాట ప్రాసెసర్ విషయంలో అక్షరాలా నిజం. ప్రాసెసర్ కూర్చునే చోటు సాకెట్. సాకెట్ మారితే మదర్‌బోర్డు మారాలి. కొత్త బోర్డు తరవాతి తరం డీడీఆర్5 అడిగితే ర్యామ్ మారాలి. కూలర్ బిగింపు కుదరకపోతే అదీ మారాలి. అందుకని ప్రాసెసర్ అసలు ధర ఎంత అన్నది, పాత సాకెట్‌లోనే ఇంకా ఎక్కడానికి మెట్లున్నాయా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

ఈ విషయంలో ఏఎండీ ఏఎం4 సాకెట్ వాళ్లు అదృష్టవంతులు. మొదటి రైజెన్ 2017లో వచ్చింది. 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా అదే సాకెట్‌లో కూర్చుంటుంది. 300 సిరీస్ పాత బోర్డులకు కూడా 2022లో ఏఎండీ దారి తెరిచింది, కాకపోతే ఆ బోర్డు కంపెనీ బయోస్ అప్‌డేట్ ఇచ్చి ఉండాలి. దాన్ని పాత ప్రాసెసర్ ఉండగానే ఎక్కించాలి. ప్రాసెసర్ మార్చేశాక గుర్తొస్తే బోర్డు తెర వెలిగించదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

రైజెన్ 5 2600కూ 5600కూ కోర్లు (లోపల పనిచేసే విభాగాలు) ఆరే, థ్రెడ్లు పన్నెండే. మరి లాభమెక్కడ? 2600 తరవాతి డిజైన్ జెన్ 2లో ఒక్కో క్లాక్‌కు జరిగే పని 15 శాతం, 5600 వాడే జెన్ 3లో దానిపైన మరో 19 శాతం పెరిగిందని ఏఎండీ చెప్పింది. గరిష్ఠ క్లాక్ 3.9 నుంచి 4.4 గిగాహెర్ట్జ్‌కు వెళ్లింది. మూడూ గుణిస్తే కాగితం మీద సుమారు 1.5 రెట్లు. దీనికి తోడు ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, చురుకైన మెమరీ) రెండు ఎనిమిది ఎంబీ ముక్కలుగా ఉండేది 32 ఎంబీ ఒకే ముక్కగా మారింది. గేములకు క్యాష్ అంటే ప్రాణం. ర్యామ్ దాకా వెళ్లి రావాల్సిన పని ఎంత తగ్గితే ఫ్రేమ్ అంత త్వరగా తయారవుతుంది. ఈ సూత్రాన్నే చివరిదాకా లాగి 96 ఎంబీ క్యాష్‌తో తెచ్చింది రైజెన్ 7 5800ఎక్స్3డీ. కొత్తది దొరకడమే ఇప్పుడు కష్టం.

పేరు చూసి మోసపోయే చోటొకటి ఉంది. రైజెన్ 5 5500 పేరులో 5600కు ఒక్క మెట్టు కిందే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ దాని క్యాష్ 16 ఎంబీ, అదీ గాక పీసీఐ ఎక్స్‌ప్రెస్ (కార్డుకు సమాచారం వెళ్లే దారి) 3.0 తరంతోనే ఆగిపోతుంది. దీని ప్రభావం కార్డు దగ్గర ఎలా పడుతుందో కింద చూద్దాం.

ఇంటెల్ దారి ఇంత సాఫీగా లేదు. ఆరు, ఏడో తరం ప్రాసెసర్లూ ఎనిమిదో తరమూ పేరుకు ఒకే ఎల్‌జీఏ1151 సాకెట్. అయినా ఎనిమిదో తరం 300 సిరీస్ చిప్‌సెట్ బోర్డు అడుగుతుంది. పాత బోర్డులో పిన్నులు సరిపోయినా ప్రాసెసర్ నడవదు. అంటే 2017 నాటి ఏడో తరం మెషీన్‌కు పైమెట్టు కోర్ ఐ7-7700కె, నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. విండోస్ 11 మద్దతు జాబితా ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 నుంచి మొదలవుతుంది. ఏడో తరంలో పైమెట్టు ఎక్కినా ఆ గడప దాటలేదు. బ్యాటిల్‌ఫీల్డ్ 6 లాంటి ఆన్‌లైన్ గేములు సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే మెషీన్ లేచేలా చూసే సెట్టింగ్) ఆన్ చేసి ఉండాలని కూడా పట్టుబడుతున్నాయి.

డీడీఆర్4 ర్యామ్ పారేయకుండా ఇంటెల్‌లోనే ముందుకు వెళ్లే సందు ఒకటుంది. ఎల్‌జీఏ1700 సాకెట్ బోర్డుల్లో కొన్ని డీడీఆర్4తో, కొన్ని డీడీఆర్5తో వచ్చాయి. డీడీఆర్4 బోర్డు మీద 2022 నాటి కోర్ ఐ5-12400ఎఫ్ పెట్టుకుంటే ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు వస్తాయి, ర్యామ్ పాతదే సరిపోతుంది. 13, 14వ తరాల్లోని పెద్ద ప్రాసెసర్లలో ఎక్కువ వోల్టేజ్ వల్ల క్రాష్‌లు వచ్చి, 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చి వారంటీ రెండేళ్లు పొడిగించాల్సి వచ్చింది. 12వ తరానికి ఆ తలనొప్పి లేదు.

## గ్రాఫిక్స్ కార్డు: పెట్టె మీద రాయని పరిమితులు

కార్డు మార్చడం తేలికే. పాతది పీకి కొత్తది గుచ్చడం. సూటిగా కనిపించే లాభం కూడా ఇక్కడే. అయితే పాత మెషీన్‌లో పెట్టినప్పుడు మూడు చోట్ల పేచీ వస్తుంది.

మొదటిది పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు, అంటే ఆ దారిలోని వరసలు. 3.0 తరంలో ఒక్కో లేన్ సెకనుకు దాదాపు 1 జీబీ మోస్తుంది, 4.0లో దాదాపు 2. ఈమధ్య వచ్చిన చవక కార్డులు 16 లేన్ల స్లాట్‌లో కూర్చున్నా లోపల వాడుకునేది ఎనిమిదే. ఆర్ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 ఆ కోవలోవే. 4.0 బోర్డులో 16 జీబీ దారి ఉంటే, 3.0 బోర్డులో అది ఎనిమిదికి తగ్గుతుంది. కార్డులోని మెమరీ సరిపోతున్నంత వరకు ఈ తేడా పెద్దగా తెలియదు. మెమరీ నిండిపోతేనే అసలు కథ. మిగిలిన సరుకును ర్యామ్ నుంచి ఈ సన్నని దారిలోనే తెచ్చుకోవాలి. ఆర్‌టీఎక్స్ 4060 సొంత మెమరీ వేగం సెకనుకు 272 జీబీ. దాని పక్కన ఈ ఎనిమిది ఏపాటి?

ఈ దెబ్బ తిన్న కార్డుగా పేరుపడింది 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ. లేన్లు నాలుగే, మెమరీ 4 జీబీయే. పాత 3.0 బోర్డులో దాని దారి 4 జీబీకి పడిపోతుంది. చవక కార్డు అవసరమయ్యేది పాత బోర్డు ఉన్నవాడికే, అదే బోర్డులో అది చతికిలబడుతుంది. ఇలాంటి కార్డు ఎవరిని ఉద్దేశించి చేశారో ఇప్పటికీ అంతుపట్టదు.

రెండోది కార్డు మెమరీ ఎంత ఉండాలన్న పోట్లాట. 8 జీబీ కార్డుల రోజులు అయిపోయాయని ఒక వర్గం అంటుంది. కొత్త గేముల్లో టెక్స్చర్లు (వస్తువుల పైపూత బొమ్మలు) గరిష్ఠానికి పెడితే 1080పీలో కూడా 8 జీబీ దాటుతున్న మాట నిజమే. టెక్స్చర్లు ఒక మెట్టు దించితే సరిపోతుంది, బడ్జెట్ కార్డు కొనేవాడు అన్నీ గరిష్ఠంలో ఆడాలనుకోడు అన్నది రెండో వర్గం వాదన. అదీ కాదనలేం. ఇద్దరి మాటలూ తూచేటప్పుడు పైన చెప్పిన లేన్ల సంగతి మరిచిపోకూడదు. మెమరీ నిండినప్పుడు 4.0 బోర్డు వాడికి కలిగే నొప్పి కన్నా 3.0 బోర్డు వాడికి కలిగేది ఎక్కువ. 16 లేన్లు, 12 జీబీ ఉన్న పాత ఆర్‌టీఎక్స్ 3060ని పాత బోర్డుల వాళ్లు ఇంకా వెతుక్కునేది అందుకే.

మూడోది డ్రైవర్ భారం. 2024 డిసెంబర్‌లో 12 జీబీ మెమరీతో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బి580 ధరకు తగ్గ కార్డు అని మెప్పు పొందింది. కొద్ది వారాల్లోనే పాత ప్రాసెసర్లతో పరీక్షించినవాళ్లు దాని వేగం బాగా పడిపోవడం గమనించారు. ఇంటెల్ డ్రైవర్ తన వంతు పనిని ప్రాసెసర్ మీద ఎక్కువగా వేస్తుంది. పైగా రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకోవడం) అనే సదుపాయం బోర్డులో లేకపోతే ఆర్క్ కార్డులు సగం ప్రాణంతో నడుస్తాయి. కొత్త మెషీన్‌కు మంచి కార్డు పాత మెషీన్‌కు మంచిది కాకపోవచ్చనడానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకదు.

కార్డు మార్చక తప్పని పరిస్థితి కూడా ఒకటి వచ్చింది. 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటి గేములకు రే ట్రేసింగ్ (వెలుతురు దారిని లెక్కగట్టే) హార్డ్‌వేర్ ఉండి తీరాలి. జీటీఎక్స్ 1060 అయినా 1080 టీఐ అయినా ఇక్కడ ఒకటే, రెండింటిలోనూ అది లేదు. వేగంతో సంబంధం లేదు.

## ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్

ఎస్‌ఎంపీఎస్ అంటే మెషీన్‌కు కరెంటు అందించే డబ్బా. కార్డుకు స్లాట్ నుంచి వచ్చేది 75 వాట్లు. ఒక 8 పిన్ కేబుల్‌తో ఇంకో 150. జీటీఎక్స్ 1060 తినేది 120 వాట్లు. ఆర్‌టీఎక్స్ 4060 తినేది 115. అంటే ఈ మార్పుకు కరెంటు వైపు నుంచి కొత్త భారమేమీ లేదు. ఆర్‌టీఎక్స్ 3060 అయితే 170. ఈ లెక్కలు చూసుకోకుండా "కొత్త కార్డంటే పెద్ద ఎస్‌ఎంపీఎస్ కావాల్సిందే" అనుకోవడం అనవసర ఖర్చు.

ఎస్‌ఎంపీఎస్ మీద కనిపించే 80 ప్లస్ గుర్తు గురించి కూడా ఒక అపోహ ఉంది. గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి చేరుతుందన్న సంగతే అది చెబుతుంది. నాణ్యతకు, మన్నికకు హామీ కాదు. బ్రాండెడ్ ఆఫీసు కంప్యూటర్లలో చిక్కు వేరు. వాటి ఎస్‌ఎంపీఎస్ పిన్నులు, కొలతలు కంపెనీ సొంతంగా చేసుకున్నవి. బయట దొరికేది అందులో కుదరదు. అలాంటి వాటికి అదనపు కేబుల్ లేకుండా స్లాట్ కరెంటుతోనే నడిచే కార్డులు దిక్కు. 2024లో వచ్చిన 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ అలాంటిది.

## ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

8 జీబీ మీద ఉన్నవాడికి 16 చేసుకోవడం కనిపించే మార్పు. 16 నుంచి 32కు వెళ్లడం, ధరలు ఇలా ఉన్నప్పుడు, చాలామందికి అత్యవసరం కాదు. డీడీఆర్4 కూడా ప్రియమైంది, తయారీదారులు దాన్ని మెల్లగా ఆపేస్తున్నారు. కానీ మీ దగ్గర ఇప్పటికే ఉన్న డీడీఆర్4కు ఎవరూ మళ్లీ డబ్బు అడగరు. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతున్నాయి.

హార్డ్ డిస్కు నుంచి ఏదో ఒక ఎస్‌ఎస్‌డీకి మారడం పెద్ద అంగ. పాత పద్ధతి సాటా కనెక్షన్‌తో నడిచే ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 మీద నడిచే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 3,500 దాకా పోతుంది. అంకెల్లో ఆరింతలు కనిపించినా గేము లోడ్ అయ్యే సమయంలో ఎక్కువ గేముల్లో తేడా కొద్ది సెకన్లే. పాత బోర్డులో ఎం.2 స్లాట్ (చిన్న ఎస్‌ఎస్‌డీ గుచ్చే చోటు) ఉన్నంత మాత్రాన అది ఎన్‌వీఎంఈకి పనికొస్తుందనీ లేదు, కొన్ని సాటా ఎం.2కే పరిమితం.

## సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఫ్రేములు

తక్కువ రెజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపడం అప్‌స్కేలింగ్. ఇందులో ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్‌కు ఆర్‌టీఎక్స్ కార్డు కావాలి. ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ పాత వెర్షన్లు జీటీఎక్స్ కార్డుల మీదా నడుస్తాయి. ఇది తగ్గించేది కార్డు భారాన్నే. పైన చెప్పిన 18, 20 మిల్లీసెకన్ల గేములో అప్‌స్కేలింగ్ ఎంత తీవ్రంగా పెట్టినా 55 దాటదు.

ఫ్రేమ్ జనరేషన్ వేరే సంగతి. రెండు అసలు ఫ్రేముల మధ్య ఒక కల్పిత ఫ్రేమ్ చొప్పిస్తుంది. ప్రాసెసర్‌తో పని లేకుండా మీటర్ అంకె పెరుగుతుంది. అందుకే "ప్రాసెసర్ మార్చక్కర్లేదు, ఇది చాలు" అనేవాళ్లున్నారు. కదలిక నునుపుగా కనిపించే మాట నిజం. కానీ మౌస్ కదిపినప్పటి స్పందన అసలు ఫ్రేముల వేగం మీదే ఆధారపడుతుంది, పైగా కాస్త ఆలస్యం కలుస్తుంది. 60 అసలు ఫ్రేములున్నచోట ఇది బాగుంటుంది. 30 ఉన్నచోట బురద మీద నడిచినట్టుంటుంది.

## మూడు మెషీన్లు, మూడు లెక్కలు

మొదటిది: రైజెన్ 5 2600, బి450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4, జీటీఎక్స్ 1060. ఇందులో డొంక చిన్నది. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ కదలనక్కర్లేదు. ఒక గేములో 18, 20 మిల్లీసెకన్ల లెక్కే తీసుకుందాం. కార్డు మాత్రమే మారిస్తే 55 ఎఫ్‌పీఎస్. 5600 మాత్రమే పెడితే ప్రాసెసర్ సమయం 12కు తగ్గుతుంది కానీ కార్డు 20 దగ్గర ఆపేస్తుంది, అంటే 50 దగ్గరే ఉంటారు. రెండూ మారిస్తే 83. విడివిడిగా చూస్తే రెండు ఖర్చులూ దండగలా ఉన్నాయి, కలిపితే కథ మారింది. డబ్బు ఒకేసారి లేకపోతే ముందు కార్డు మార్చి, సెట్టింగులు పెంచుకుని నాణ్యతగా ఆడుతూ, ప్రాసెసర్‌ను తరవాతకు వాయిదా వేయడంలో అర్థముంది. కార్డులోని మిగులు బలాన్ని నాణ్యత వైపు వాడుకోవచ్చు. ప్రాసెసర్ మిగులును వాడుకునే దారి అంతగా లేదు.

రెండోది: కోర్ ఐ5-7500, 16 జీబీ డీడీఆర్4, జీటీఎక్స్ 1070. నాలుగే థ్రెడ్లు, విండోస్ 11 గడప దాటదు. ఇదే బోర్డుకు సెకండ్ హ్యాండ్ ఐ7 వెతకడం ఒక దారి. థ్రెడ్లు రెట్టింపై కుదుపులు తగ్గుతాయి గానీ విండోస్ సమస్య అలాగే ఉంటుంది. 2026 అక్టోబర్ దాకా పొడిగించిన భద్రతా అప్‌డేట్లతో కాలం గడపాలి. బోర్డు, ప్రాసెసర్ మార్చి ర్యామ్ మాత్రం నిలుపుకోవడం రెండో దారి. ఐ5-12400ఎఫ్‌తో డీడీఆర్4 బోర్డైనా సరే, 5600తో ఏఎం4 బోర్డైనా సరే. నా దృష్టిలో మొదటి దారి, ఆ ఐ7 దాదాపు ఊరికే దొరికితే తప్ప, ముగిసిపోయిన ఆట.

మూడోది: డీడీఆర్3 ర్యామ్‌తో నాలుగో తరం ఐ5. ఇక్కడ నిలుపుకోవడానికి ర్యామ్ కూడా లేదు. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కొత్తగా కొనాల్సిందే.

## సెకండ్ హ్యాండ్ గురించి రెండు మాటలు

2020, 2022 మధ్య క్రిప్టో కరెన్సీ మైనింగ్‌లో నలిగిన కార్డులు మార్కెట్లోకి వచ్చాయన్న భయం ఇంకా ఉంది. ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ 2022 సెప్టెంబర్‌లో మైనింగ్ పద్ధతినే వదిలేశాక కార్డులు కుప్పలుగా బయటికొచ్చాయి. వాటిని ముట్టుకోవద్దనేవారి వాదన రాత్రింబవళ్లు నడిచి ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు అరిగిపోయి ఉంటాయని. మైనింగ్ చేసేవాళ్లు కరెంటు బిల్లు కోసం కార్డును తక్కువ వోల్టేజ్‌తో, స్థిరమైన వేడి దగ్గర నడుపుతారు, గేమింగ్‌లోలా ఎక్కిదిగే వేడి ఉండదు కాబట్టి చిప్‌కు హాని తక్కువని ఎదుటివారి జవాబు. రెండింట్లోనూ నిజముంది. ఫ్యాన్ మార్చుకోవచ్చు, మెమరీ చిప్ పోతే మార్చలేం.

పార్టును బట్టి కూడా రిస్కు మారుతుంది. ప్రాసెసర్ పిన్నులు వంగకుండా ఉంటే చాలా ఏళ్లు నడుస్తుంది, సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి అన్నిటికన్నా నమ్మకమైనది అదే. పాత ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఎంత చవగ్గా వచ్చినా ఆలోచించాలి, అది చెడితే ఒంటరిగా పోదు.

## ఏది వెంట వస్తుంది, ఏది ఇక్కడే ఆగిపోతుంది

"ఏఎం4, డీడీఆర్4 అయిపోయిన దారి, దాని మీద ఖర్చు వద్దు" అనే వాదనకు బలం ఉంది. డీడీఆర్5 వాడే కొత్త ఏఎం5 సాకెట్‌కు 2027 దాకా, ఆపైన కూడా మద్దతు ఉంటుందని ఏఎండీ చెప్పింది. ఇవాళ ఎక్కువ పెడితే రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. పాతదాన్ని పిండుకుందామనేవారి లెక్క ర్యామ్ ధర దగ్గర మొదలవుతుంది. డీడీఆర్5 కొనే డబ్బు కార్డు మీద పెడితే ఇవాళే కనిపించే లాభం ఎక్కువ. మొదటి మెషీన్‌కు ఈ రెండో లెక్క సరిపోతుంది, మూడోదానికి మొదటిది సరిపోతుంది. మధ్యలో ఉన్న రెండో మెషీన్ దగ్గరే అసలు తర్జనభర్జన.

అక్కడ ఒక కొలమానం పనికొస్తుంది. ఇవాళ కొన్నది రేపటి కొత్త మెషీన్‌లోకి వస్తుందా? గ్రాఫిక్స్ కార్డు వస్తుంది. ఎస్‌ఎస్‌డీ వస్తుంది. మంచి ఎస్‌ఎంపీఎస్, మామూలు సైజు క్యాబినెట్, మానిటర్ వస్తాయి. పాత సాకెట్ ప్రాసెసర్, దాని బోర్డు, డీడీఆర్4 రావు. రెండో మెషీన్ యజమాని ముందు కార్డు కొంటే, అది పాత ప్రాసెసర్ వెనక కొన్నాళ్లు సగం బలంతోనే పనిచేసినా, ర్యామ్ ధరలు దిగాక కొత్త బోర్డులోకి నేరుగా వెళ్లి కూర్చుంటుంది. అదే డబ్బుతో ఐ7-7700కె కొంటే, ఆ బోర్డుతో పాటే అదీ అటకెక్కుతుంది.